జరగని పోరు

ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్యనాడు పల్నాడులోని కారెంపూడిలో వీరారాధన ఉత్సవాలు ప్రారంభమవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులపాటు పన్నెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధ ఘట్టాలను ప్రజలు స్మరించుకుంటారు. వీరవిద్యావంతులు గాథలు పాడుతారు. ఈ ఐదింటిలో రెండు ఘట్టాలు నేటి యువతకు ప్రత్యేకంగా గమనింపదగినవి. మొదటిది కోడిపోరు. గురజాల, మాచర్ల రాజ్యాల భవితవ్యాన్ని తేల్చిన పందెమది. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నది దాని నియమం. రెండవది మందపోరునాడు తలచుకునే చాపకూడు. కులభేదం పాటించక అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టించిన సంప్రదాయమది.

పందెంలో మాచర్ల పక్షం ఓడింది. ఆ గెలుపులో కపటమున్నదని వీరగాథ చెబుతుంది. అయినా ఓడినవారు మాటకు కట్టుబడి వలసపోయారు. గడువు తీరిన తరువాత తమ రాజ్యభాగాన్ని తమకిమ్మని అడిగేందుకు అలరాజును రాయబారిగా పంపారు. దక్కవలసినది దక్కలేదు, రాయబారి విషప్రయోగానికి బలైనాడు. యుద్ధం అనివార్యమైంది. మనుషులు ఓటమిని భరించగలరు. న్యాయంగా రావలసిన అవకాశాన్ని నిరాకరిస్తే మాత్రం భరించలేరు. పల్నాటి కథ బోధించే ఈ సత్యం రాజ్యాలకే పరిమితం కాదు. క్రీడారంగానికీ అది అంతే వర్తిస్తుంది. అందుకు ప్రపంచ బాక్సింగ్ చరిత్రలో ఒక ప్రబలమైన నిదర్శనం ఉన్నది. అది జరిగిన పోటీ కాదు, జరగని పోటీ.

బాక్సింగ్‌లో హెవీవెయిట్ ప్రపంచ విజేత స్థానానికి అమెరికాలో ఒకప్పుడు అసాధారణమైన గౌరవం ఉండేది. ఆ స్థానం శ్వేతజాతీయులకే చెందాలన్న దురభిమానమూ అంతే బలంగా ఉండేది. 1908లో సిడ్నీ నగరంలో జాక్ జాన్సన్ ఆ స్థానాన్ని గెలుచుకున్న తొలి నల్లజాతి యోధుడైనాడు. 1910 జులై 4న రెనో నగరంలో ఆయన మాజీ విజేత జెఫ్రీస్‌ను ఓడించినప్పుడు అమెరికాలోని పలు నగరాలలో అల్లర్లు చెలరేగి ప్రాణనష్టం సంభవించింది. 1915లో జాన్సన్ ఓడిపోయిన తరువాత 1937లో జో లూయీ విజేత అయ్యేవరకు, అనగా ఇరవై రెండేళ్లపాటు, మరొక నల్లజాతీయుడికి ఆ కిరీటం దక్కలేదు. సమర్థులు లేకపోవడం అందుకు కారణం కాదు. సమర్థులను బరిలోకి రానీయకపోవడమే కారణం.

అలా బయట నిలిచిపోయినవారిలో ప్రముఖుడు హారీ విల్స్. 1889లో న్యూ ఆర్లియన్స్‌లో జన్మించిన ఈయన ఓడరేవులో కూలిపని చేసి, స్వశక్తితో మేటి యోధుడుగా ఎదిగాడు. 1919 జులైలో జాక్ డెంప్సీ ప్రపంచ విజేత అయ్యేనాటికే, ఆయనతో తలపడేందుకు అర్హులైనవారిలో విల్స్ పేరు ముందువరుసలో ఉన్నది. 1922లో ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు, పోటీ జరగలేదు. 1925లో మరల ఒప్పందం కుదిరింది, అదీ నెరవేరలేదు. న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ విల్స్‌తో పోటీ జరగాలని పట్టుబట్టినప్పటికీ ఫలితం లేకపోయింది. చివరికి 1926 సెప్టెంబరు 23న డెంప్సీ ఫిలడెల్ఫియా నగరంలో జీన్ టన్నీతో తలపడి ఓడిపోయాడు. అప్పటికి విల్స్ వయస్సు ముప్పై ఏడేళ్లు. శరీరంలో పటుత్వం తగ్గింది. మాచర్లవారి వనవాసం ఏడేళ్లు. డెంప్సీ విజేతగా ఉన్న కాలమూ ఏడేళ్లకు పైమాటే. అన్నేళ్లూ విల్స్ అర్హత ఉండి వేచి ఉన్నాడు. మాచర్లవారి వనవాసానికి ఒక ఓటమి కారణమైంది. విల్స్ వేచి ఉండడానికి కారణం ఆయన చర్మవర్ణం.

పోటీ జరిగితే 1910 నాటి అల్లర్లు పునరావృతమవుతాయని కొందరు నిర్వాహకులు వాదించారు. ఈ వాదం పైకి బాధ్యతగా కనిపిస్తుంది. కానీ అల్లరి చేసేవారిని అదుపు చేయక, ఏ తప్పూ చేయనివాడిని దూరంగా ఉంచడం న్యాయమనిపించుకోదు. దౌర్జన్యానికి జంకి అర్హుడి హక్కును తీసివేస్తే దౌర్జన్యమే గెలిచినట్లవుతుంది. మరొక విషాదాన్ని కూడా చెప్పుకోవాలి. వర్ణవివక్షను అనుభవించిన జాక్ జాన్సన్ సైతం తాను విజేతగా ఉన్న కాలంలో శామ్ లాంగ్‌ఫర్డ్ వంటి మేటి నల్లజాతి యోధుడికి అవకాశమివ్వలేదు. అన్యాయానికి గురైనవారు కూడా అధికారం చేతికి వచ్చిన తరువాత అదే తలుపును మూయవచ్చునని ఈ ఉదంతం హెచ్చరిస్తున్నది.

ఇందువల్ల నష్టపోయినది విల్స్ ఒక్కడే కాదు. డెంప్సీ గొప్ప యోధుడన్నది నిర్వివాదం. కానీ ఆయన కీర్తి ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా విల్స్ పేరు ఒక ప్రశ్నగా వెన్నంటి వస్తూనే ఉంటుంది. ఇద్దరిలో ఎవరు అధికులన్నది ఇక ఎన్నటికీ తేలదు. ఓడిన పోరు ఏదో ఒక రోజు మరపున పడుతుంది. జరగని పోరు శాశ్వతంగా సందేహాన్ని మిగుల్చుతుంది.

అయితే జరగని ప్రతి పోటీ అన్యాయమని భావించరాదు. క్యూబా యోధుడు టియోఫిలో స్టీవెన్‌సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లలో హెవీవెయిట్ స్వర్ణపతకాలు సాధించాడు. ముహమ్మద్ అలీతో ఆయన పోటీ జరిగితే చూడాలని ప్రపంచం ఉవ్విళ్లూరింది. స్టీవెన్‌సన్ ధనాశకు లోనుకాక వృత్తి బాక్సింగ్‌ను నిరాకరించాడు. ఆయన తన నిర్ణయం మేరకు బరికి దూరంగా ఉన్నాడు. విల్స్‌ను ఇతరులు దూరంగా ఉంచారు. స్వేచ్ఛకూ వివక్షకూ ఉన్న భేదం ఇదే.

ఈ సమస్య దూరదేశాలకు, గతించిన కాలానికి చెందినదని అనుకోవడం పొరపాటు. నిజామాబాదుకు చెందిన తెలుగు బాక్సర్ నిఖత్ జరీన్ 2019లో ఇటువంటి పరిస్థితినే ఎదుర్కొన్నది. అక్కడ జాతివివక్ష లేదు. అడ్డు నిలిచినది పేరుప్రతిష్ఠల బరువు. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు 51 కిలోల విభాగంలో ఎంపిక పోటీ నిర్వహించకుండానే మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా అదే జరగనున్నదని తెలిసి, నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసి న్యాయమైన అవకాశం ఇవ్వవలసిందిగా కోరింది. ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన క్రీడాకారిణితో సమానంగా పోటీ కోరడం అవినయమని విమర్శించినవారు లేకపోలేదు. నిఖత్ వెనుకంజ వేయలేదు.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఆ పోటీ జరిగింది. మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచింది. ఈ ఫలితాన్ని చూసి నిఖత్ పట్టుదల వ్యర్థమైనదని తలచడం సరికాదు. ఆమె అడిగినది బరిలో నిలిచే హక్కు మాత్రమే. గెలిపించమని ఆమె ఎవరినీ అడగలేదు. ఆ పోటీ వలన మేరీ కోమ్ ఎంపికకూ గౌరవం పెరిగింది. తన లోపమెక్కడున్నదో నిఖత్‌కు తెలిసింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది. విల్స్‌కు దక్కనిది ఆమెకు దక్కింది. ఓడిపోయే అవకాశం కూడా ఒక హక్కేనని ఆమె జీవితం నిరూపించింది.

గత విజయాలకు విలువ ఇవ్వవలదా అన్న ప్రశ్న ఉదయించవచ్చు. తప్పక ఇవ్వాలి. సత్కారాలలో, పురస్కారాలలో, చరిత్ర పుటలలో ఇవ్వాలి. రేపటి పోటీకి నేటి శక్తియే కొలబద్ద కావాలి. నరసరావుపేట, మాచర్ల, గురజాల కళాశాలల మైదానాలలో కబడ్డీ జట్టును ఎంపిక చేసినా, వ్యాసరచన పోటీకి విద్యార్థిని పంపినా ఇదే న్యాయం వర్తిస్తుంది. సిఫారసు వలన, కులం వలన, ఆడపిల్ల అన్న చిన్నచూపు వలన ఒక్క విద్యార్థి గీతకు ఆవల నిలిచిపోయినా అక్కడ మరొక పోరు జరగకుండా పోయినట్లే.

పలనాటి చరిత్రలో దళితుడైన కన్నమదాసు సేనానిగా నిలిచాడు. ఒకే చాపపై కూర్చున్నవారే యుద్ధభూమిలో ఒకే వరుసలో నిలబడగలిగారు. భోజనానికి చాప ఎట్లాంటిదో క్రీడకు బరి అట్లాంటిది. దానిపై కాలు మోపడానికి పుట్టుక, పేరు, పలుకుబడి అడ్డురాకూడదు. గెలుపోటములను బలం, నేర్పు నిర్ణయిస్తాయి. అందరికీ చోటు కల్పించే బాధ్యత సమాజానిది. ఆ బాధ్యతను నెరవేర్చిననాడే గెలిచినవారి విజయానికి సార్థకత చేకూరుతుంది.