ఆరు ఋతువుల టైరు, రెండు ఋతువుల ఊరు

"ఆల్ సీజన్" అన్న మాట వినగానే నాకు ఆరు ఋతువులు గుర్తొచ్చాయి. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో వీటిని వరుసగా బట్టీ పట్టాను. జెబెల్ అలీలో వాడే అవకాశం మాత్రం రాలేదు. ఇక్కడ ఉన్నవి రెండే: ఎండ, కొంచెం తక్కువ ఎండ. అందుకే మొన్న టైర్ల కొట్టులో అబ్బాయి "అన్ని కాలాలకీ పనికొస్తాయి మేడమ్" అని ఒక సెట్టు చూపిస్తే, ఏ కాలాలకి బాబూ అని అడగాలనిపించింది.

బండి నాన్నది. ఫోర్ వీల్ డ్రైవ్. ఆయన కాకినాడ వెళ్ళిపోతూ తాళం నా చేతిలో పెట్టారు. రోజూ షేక్ జాయెద్ రోడ్డు మీద ఫ్రీ జోన్ దాకా వెళ్తాను, లోపల గోడౌన్ల మధ్య కంటైనర్ లారీల వెనకాల పాకుతాను, సాయంత్రం మళ్ళీ అదే దారి. రోడ్డు పక్కన పగిలిన లారీ టైర్ల ముక్కలు నల్ల చేపల్లా పడి ఉంటాయి. వాటిని రోజూ చూసే మనిషికి టైరు అంటే చిన్న విషయం అనిపించదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు కూడా నాలాగా ఫ్రీ జోన్‌కి తారు రోడ్డు మీదే వెళ్ళివస్తుంటే, వేసవి టైర్లే వేయించుకోండి.

ఎందుకంటే, తేడా అంతా రబ్బరులో ఉంది. వేసవి టైరు రబ్బరు వేడికి తట్టుకునేలా చేస్తారు. చలి 7 డిగ్రీల దగ్గరికి దిగితే అది బిగుసుకుపోయి పట్టు కోల్పోతుంది. ఆల్ సీజన్ టైరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండాలి, పల్చటి మంచు మీద కూడా నడవాలి. అందుకని దాని మీద సన్నటి కోతలు ఎక్కువ ఉంటాయి. చలికి మెత్తగా ఉండేది ఎండకి ఇంకా మెత్తబడుతుంది కదా. 45 డిగ్రీల మధ్యాహ్నం, అంతకంటే ఎంతో వేడిగా ఉన్న తారు మీద, ఆ కోతలున్న బ్లాకులు కదులుతాయి, త్వరగా అరుగుతాయి, బ్రేకు వేస్తే బండి కొంచెం ఎక్కువ దూరం పోతుంది. జెబెల్ అలీలో జనవరి రాత్రి కూడా 7 డిగ్రీలు అరుదు. (రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ కొండ మీద 2009లో మంచు పడింది. నేను దాని కోసం టైర్లు కొనను.)

కొట్టు అబ్బాయి సైడ్ వాల్ మీద "ఎం ప్లస్ ఎస్" అన్న అక్షరాలు చూపించి గర్వపడ్డాడు. అంటే బురద, మంచు. ఆ గుర్తు తయారీదారు తనకు తాను వేసుకోవచ్చు. పరీక్షలో నెగ్గితేనే వచ్చే గుర్తు వేరే ఉంది, మూడు శిఖరాల కొండలో మంచు రేకు. రెండూ నాకు అక్కర్లేదు.

"ఫోర్ బై ఫోర్ కదా మేడమ్, గట్టి టైరు కావాలి" అన్నది అతని రెండో మాట. ఇది నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందితే బండి కదలడానికి సాయం. ఆపడానికి కాదు! ఆపేది బ్రేకు, రోడ్డును పట్టుకునేది టైరు. ఇసుకలోకి నిజంగా వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. ప్రతి శుక్రవారం లహ్‌బాబ్ ఎర్ర దిబ్బలకి వెళ్ళి, గాలి 15 పీఎస్ఐ దాకా తీసి తిరిగేవాళ్ళకి ఆల్ టెరైన్ టైర్లు సరే. నేను ఏడాదికి ఒకసారి అల్ కుద్రా చెరువుల దగ్గర బాతుల్ని చూడటానికి వెళ్తాను.

వాన మాటేమిటి అని మీరు అడగొచ్చు. 2024 ఏప్రిల్ 16ను ఎవరూ మర్చిపోలేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు పడింది. 1949లో లెక్కలు మొదలయ్యాక ఈ దేశంలో అంత వాన లేదు. కానీ అది వెచ్చటి వాన. వెచ్చటి తడి రోడ్డు మీద మంచి వేసవి టైరే ముందు ఆగుతుంది. ఇక రోడ్డే చెరువైపోతే ఏ టైరూ ఏమీ చెయ్యదు, ఇంట్లో కూర్చోవడమే.

ఆల్ సీజన్ వేసుకున్నవాళ్ళంతా తప్పు చేశారని అనను. అమెరికా కోసం చేసిన చాలా బళ్ళు వాటితోనే వస్తాయి. టెంపరేచర్ గ్రేడు "ఏ" ఉందో లేదో చూసుకోండి. గంటకు 185 కిలోమీటర్లకు పైగా వేగంలో పుట్టే వేడిని తట్టుకున్న టైరుకి ఆ గ్రేడు ఇస్తారు. నిజం చెప్పాలంటే ఇక్కడ టైరు పేలడానికి రకం కంటే వయసు, తక్కువ గాలి, ఎక్కువ బరువు పెద్ద కారణాలు. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ నలుగుతాయి, వేడెక్కుతాయి, లోపలి పొరలు విడిపోతాయి. గాలి పొద్దున్నే చూడాలి, బండి కదలక ముందు. మధ్యాహ్నం వేడికి అంకె పెరిగిందని గాలి తీసేవాళ్ళని చూశాను. దయచేసి అలా చెయ్యకండి.

వయసు గురించి నాకు నేర్పింది నాన్నే. ధర చెప్పడానికి ఫోన్ చేస్తే, ఆయన ధర అడగలేదు. "నాలుగంకెలు చదవవే" అన్నారు. డాట్ అన్న అక్షరాల వరుస చివర ఉంటాయి. చదివాను: 3121. అంటే 2021లో 31వ వారం. "అన్ని కాలాలకీ" అని అమ్ముతున్న ఆ టైర్లు అప్పటికే నాలుగేళ్ళు అక్కడ ఎండిపోతున్నాయి! ఐదేళ్ళు దాటితే ఇక్కడ కాలం చెల్లినట్టే. పట్టుకుంటే 500 దిర్హాముల జరిమానా, నాలుగు బ్లాక్ పాయింట్లు, వారం రోజులు బండి వాళ్ళ దగ్గరే. తగ్గింపు ధర ఎందుకిచ్చాడో అప్పుడు అర్థమైంది.

వేరే కొట్టుకి వెళ్ళాను. వేసవి టైర్లు, నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు. రెండే మార్చమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది కానీ, నా బండి ఎప్పుడూ ఫోర్ వీల్‌లోనే నడిచే రకం. ముందూ వెనకా చక్రాల చుట్టుకొలతలో తేడా వస్తే మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ ఊరికే అరుగుతుంది. ఖర్చు నొప్పిగానే ఉంది. ఈ నెల బయట బిర్యానీ లేదు.

బిగించాక నాన్నకి ఫోటోలు పంపాను. నాలుగు టైర్లు, నాలుగు ఫోటోలు, అన్నిటి మీదా 0925. ఆయన వాటిని పెద్దవి చేసి చూసి ఒక్క మాట రాశారు: "స్టెప్నీది?"

స్టెప్నీ సంగతి మర్చిపోయాను. రేపు పొద్దున్న చూడాలి.