దీపము గొప్పదా? పంకా గొప్పదా?

పాఠశాలలలో వాగ్వాదసభలు జరుగునప్పుడు "కత్తి గొప్పదా, కలము గొప్పదా" యను విషయము తఱచుగా వచ్చుచుండును. అటువంటి వాదమునే మఱియొకదానిని చదువరుల యెదుట నుంచవలెనని నా యభిలాష. భూగర్భమున బొగ్గు త్రవ్వువారి ప్రాణములను కాపాడుటలో దీపము గొప్పదా, పంకా గొప్పదా? దీపమనగా సర్ హంఫ్రీ డేవీ కనిపెట్టిన రక్షణదీపము. పంకా యనగా గనినోటియొద్ద రేయింబవళ్లు తిరుగుచు లోపలి గాలిని నడపు యంత్రము. దీపమును గూర్చి మనము విజ్ఞానశాస్త్ర పాఠములలో చదువుకొనియున్నాము. పంకాను గూర్చి చెప్పువారు తక్కువ. నేను పంకా పక్షమున వాదింపదలచితిని. ఈ వాదము కేవలము వినోదమునకు గాదు. అపాయకరమైన చోటికి తోడిమనుష్యుని పంపునప్పుడు ముందుగా మనము చేయవలసిన దేమి యను ప్రశ్న దీనిలో నిమిడియున్నది.

మొదట గనిలోని గాలి యెట్టిదో తెలిసికొందము. బొగ్గుపొరలలో మీథేన్ అను వాయువు అణగియుండును. బొగ్గును పగులగొట్టినకొలది అది వెలువడుచుండును. దానికి రంగును వాసనయు లేవు. గాలికంటె తేలిక గనుక అది కప్పు నంటుకొని నిలుచును. గాలిలో నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్లవఱకు అది కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినను భయంకరముగా ప్రేలును. ఆ ప్రేలుడునకు బొగ్గుధూళి లేచి అంటుకొన్నచో ఆ జ్వాల గనియంతయు ప్రాకును. తరువాత మిగులునది కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు. బ్రిటన్ దేశపు గనులలో ప్రేలుళ్ల వలన చనిపోయినవారిని గూర్చి పరిశోధించి, జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు 1896లో ఒక నివేదిక వ్రాసెను. చనిపోయినవారిలో ఎక్కువమంది దెబ్బలవలనను మంటలవలనను గాక, ఈ విషవాయువును పీల్చుటవలననే మరణించిరని అతడు తేల్చెను. ఇవిగాక పాడుబడిన మూలలలో ఆక్సిజన్ తగ్గి, బొగ్గుపులుసు గాలి నేలబారున చేరును. అచ్చట అడుగుపెట్టినవాడు మాటలేకయే కూలిపోవును.

ఇక దీపము కథ. 1812వ సంవత్సరము మే నెల 25వ తేదీన ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో ప్రేలుడు సంభవించి 92 మంది పురుషులును బాలురును మరణించిరి. ఆ ప్రాంతపు మతగురువైన జాన్ హాడ్జ్‌సన్ ఆ దుఃఖవార్తను దాచనీయక పుస్తకరూపమున లోకమునకు తెలియజేసెను. అందువలన కలిగిన సంచలన ఫలితముగా డేవీగారు 1815లో తీగెవలతో కప్పిన దీపమును కల్పించిరి. లోపలి మంట వేడిమిని తీగెవల లాగికొనును గనుక, ఆ మంట వెలుపలి వాయువునకు అంటదు. ఆ సంవత్సరమే జార్జి స్టీఫెన్‌సన్ కూడ వేఱొక మార్గమున అటువంటి దీపమును చేసెను. డేవీగారు తమ దీపమునకు పేటెంటు పుచ్చుకొనలేదు. ఇది మిక్కిలి మెచ్చదగిన త్యాగము.

అయితే ఫలమేమి? 1835లో బ్రిటిష్ పార్లమెంటు సంఘమొకటి గని ప్రమాదములను విచారించి లెక్కలు తీసెను. డర్హామ్, నార్తంబర్లండు మండలములలో దీపము రాకపూర్వము 18 సంవత్సరములలో 447 మంది మరణించిరి. దీపము వచ్చిన తరువాత 18 సంవత్సరములలో 538 మంది మరణించిరి! ఆ కాలమున గనులును, వానిలో పనిచేయువారును హెచ్చిన మాట నిజమే. కాని ముఖ్యకారణము వేఱొకటి. వాయువు నిండియున్నదని ఇంతకుముందు విడిచిపెట్టిన పొరలలోనికి, దీపమున్నది గదాయని యజమానులు మరల మనుష్యులను పంపసాగిరి. గాలిని బాగుచేయవలసిన శ్రమ యట్లే నిలిచిపోయెను. పైగా తీగెవల చిరిగినను, గాలి వడిగా వీచినను ఆ దీపపు మంట వెలుపలికి ప్రాకును. మంచి మందు దొరికినదని చెడ్డనీరు త్రాగువాని చందమున ఆ గనుల స్థితి యుండెను.

ఆనాడు గాలిని నడపుటకు సాధనము లేకపోలేదు. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథమునందే చేతితోను, నీటిచక్రముతోను త్రిప్పు కొయ్య పంకాలును, కొలిమితిత్తులును వర్ణింపబడినవి. కాని 19వ శతాబ్దపు ఇంగ్లీషు గనులలో పెక్కింట అనుసరించిన పద్ధతి కొలిమి పద్ధతి. రెండు బావులుండును. ఒకదాని యడుగున పెద్ద నిప్పు మండింతురు. వేడిగాలి ఆ బావిగుండ పైకి పోగా, రెండవ బావిగుండ క్రొత్తగాలి లోనికి దిగును. పొగగొట్టము పనిచేయు విధమే ఇది. అగ్ని అంటుకొను వాయువున్న చోట అగ్నినే గాలికి ఆధారము చేసికొనుట యెంత ప్రమాదమో చదువరులే యోచింతురు గాక.

1862 జనవరి 16వ తేదీన న్యూహార్ట్‌లీ గనిలో ఆ ప్రమాదము కన్నులకు కట్టినది. ఆ గనికి ఒకటే బావి. దానినే కొయ్యతడికతో రెండుగా విభజించి, ఒక ప్రక్క గాలి దిగునట్లును ఒక ప్రక్క ఎక్కునట్లును చేసియుండిరి. పైనున్న నీటియంత్రపు ఇనుపదూలము విఱిగి బావిలో పడి దారి మూసివేసెను. గాలిత్రోవ తెగెను, విషవాయువు లోన నిండెను. పైవారు పగలును రాత్రియు శిథిలములను తొలగించి లోపలికి చేరునప్పటికి, చిక్కుకొన్నవారిలో ఒక్కడును బ్రదికిలేడు. మొత్తము 204 ప్రాణములు పోయినవి. ఆ సంవత్సరమే ప్రతి గనికిని రెండు వేఱువేఱు త్రోవలుండవలెనని చట్టము వచ్చెను. గాలికి లోనికి వచ్చు దారియు, వెలుపలికి పోవు దారియు ఉండవలెనను చిన్నపాఠమునకు లోకము చెల్లించిన వెల యిది.

క్రమముగా యంత్రపు పంకాలు కొలిముల స్థానము నాక్రమించెను. గీబాల్ అను ఇంజనీరు చేసిన పెద్ద పంకాలు 19వ శతాబ్దపు ఉత్తరభాగమున పెక్కు దేశములకు వ్యాపించెను. నేటి పంకా తఱచుగా గాలి వెలువడు బావినోట నుండి, లోపలి చెడుగాలిని పీల్చివేయును. ఆ లోటును పూరించుటకు రెండవ బావిగుండ మంచిగాలి దిగును. లోపల ఆ గాలి దగ్గఱదారిని తిరిగిపోకుండ గోడలును తలుపులును కట్టి, పనిచేయు ముఖములన్నిటి యొద్దకు నడపింతురు. దారి మూసియున్న మూలలకు చిన్నపంకాలను గొట్టములతో అమర్చుదురు.

మన దేశపు బొగ్గుగనుల నిబంధనల ప్రకారము గనిలోని ప్రతి భాగమునకును, ఎక్కువమంది పనిచేయు షిఫ్టులోని మనిషి యొక్కింటికి నిమిషమునకు 6 ఘనమీటర్ల గాలి గాని, దినమునకు తీయు టన్ను బొగ్గు యొక్కింటికి నిమిషమునకు 2.5 ఘనమీటర్ల గాలి గాని, వీనిలో ఏది హెచ్చో అది, అందవలెను. ఆక్సిజన్ నూటికి 19 పాళ్లకు తగ్గరాదు. ఒక భాగమునుండి తిరిగివచ్చు గాలిలో మండు వాయువు నూటికి ముప్పాతిక పాలును మించరాదు. ఇప్పుడొక లెక్క చేయుదము. దినమునకు 1000 టన్నుల బొగ్గు తీయు గనికి నిమిషమునకు 2500 ఘనమీటర్ల గాలి కావలెను. ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు. అనగా నిమిషమునకు 3 టన్నులు, దినమునకు 4320 టన్నుల గాలి. ఆ గనినుండి వెలువడు సరకులో బొగ్గుకంటె గాలియే నాలుగురెట్లకు మించిన బరువు! మనము బొగ్గును మాత్రమే తూచుచున్నాము.

ఈ విషయము మనకు దూరదేశపు ముచ్చట గాదు. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టరు విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొన్నది మొదలు, గోదావరీతీరమున సింగరేణి గనులు పెరిగినవి. కొత్తగూడెము, గోదావరిఖని, మందమఱ్ఱి ప్రాంతములలో ఎన్నియో తెలుగు కుటుంబములు తరతరములుగా "బొగ్గుబాయి" పనిమీద బ్రదికినవి. ఉపరితలపు గనులు హెచ్చినను, భూగర్భపు గనులు నేటికిని నడచుచున్నవి. బాయిలోనికి దిగిన తండ్రి ఇల్లు చేరువఱకు ఆ యింటివారి ఆశ పైనున్న పంకామీదను గూడ నిలిచియుండును.

ఇప్పుడు ఎదుటిపక్షమువారి మాట వినవలెను. పంకాకు వ్యయము మిక్కుటమని వారందురు. ఇది నిజము. ఒకే దారిలో గాలిని రెట్టింపు నడపవలెనన్నచో శక్తి రెండురెట్లుగాక ఎనిమిదిరెట్లు కావలెను. కాని ఈ సూత్రమునకు రెండవ ముఖమున్నది. గాలిదారి వెడల్పును ఎత్తును రెండును సగమైనచో అంతే గాలికి సుమారు ముప్పదిరెండురెట్ల ఒత్తిడి కావలెను. అనగా రాళ్లు కూలి ఇరుకైన దారులను, విఱిగిన బండ్లు అడ్డుపడిన దారులను శుభ్రముగా నుంచినచో పంకా వ్యయమే తగ్గును. గాలి ఖరీదైనదనువారు ముందుగా తమ దారుల నూడ్చుకొందురు గాక. దీపము ప్రమాదమును చూపును గదాయని మఱికొందఱందురు. ఒప్పుకొందును. రక్షణదీపపు జ్వాలచుట్టు ఏర్పడు నీలికాంతిని బట్టి సర్దారులు మీథేనును గుర్తించిరి; అది గొప్ప ఉపకారమే. కాని చూపుట వేఱు, తొలగించుట వేఱు.

అయినను పంకా తనంతట తానే రక్షింపదని చెప్పుట నా విధి. ఒక తలుపు తెఱచి విడిచినచో గాలి దగ్గఱదారిని తప్పించుకొనిపోవును. ముందున్నవారికి ఊపిరి యుండదు. పూర్వము ఇంగ్లండులో ఆ తలుపులను తెఱచి మూయుటకు చిన్నబిడ్డలను నియమించిరి. మన ప్రాథమిక పాఠశాలలోని పిల్లల ఈడువారు గాఢాంధకారమున దినమునకు పండ్రెండుగంటలు ఒంటరిగా కూర్చుండి, బొగ్గుబండి వచ్చినప్పుడు త్రాడు లాగుచుండిరి. 1842 నాటి విచారణలో ఆ బిడ్డల మాటలు వెల్లడియై, ఆ యేటనే పదియేండ్లలోపు బాలురను, స్త్రీలను భూగర్భమున పనికి పెట్టరాదని చట్టము చేయబడెను.

తలుపుల వలెనే పంకా విషయమునను ఏమఱుపాటు తగదు. 1911 నాటి బ్రిటిష్ చట్టము అవసరమైనప్పుడు గాలిని వెనుకకు త్రిప్పుటకు వీలుగా పంకాల నమర్చవలెనని శాసించి, 1913 జనవరి మొదటితేదీ గడువు పెట్టెను. వేల్సులోని సెంగ్హెనిడ్ గనివారు గడువు పెంచుకొనిరి. ఆ గడువును దాటెను. 1913 అక్టోబరు 14వ తేదీన ఆ గనిలో ప్రేలుడు జరిగి 439 మంది పనివారును, రక్షింపబోయిన యొకడును మరణించిరి. ఆ యేర్పాటు పూర్తియై యుండినచో ఎందఱు బ్రదికియుండెడివారో ఎవరును చెప్పజాలరు. కాని ఆ ప్రయత్నము చేయుటకైనను వీలు లేకపోయెను. చట్టమును మీఱిన నేరములకు మేనేజరునకు విధించిన జరిమానా మొత్తము 24 పౌనులు.

ఇంతవఱకు గనులను గూర్చి చెప్పితిని. గని లేని ఊళ్లలోను ఈ పాఠము పనికివచ్చును. పాడుబడిన బావిలో పూడిక తీయువారు ముందుగా లాంతరును త్రాటితో దింపి చూచుట మన పల్లెల యాచారము. దీపమాఱినచో దిగరాదు. మంచిదే, కాని దీపమాఱకున్నంత మాత్రమున విషవాయువు లేదని చెప్పరాదు. ఇక పట్టణములలోని మురుగుకాలువ గుంతలును సెప్టిక్ ట్యాంకులును మఱింత ఘోరమైనవి. వానిలో హైడ్రోజన్ సల్ఫైడును మీథేనును చేరును. అచ్చట నిప్పు చూపుట మృత్యువును పిలుచుటయే. రక్షణసాధనములు లేకుండ మనుష్యులను వానిలోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను ఒకడు దిగి పడిపోవుట, అతనిని తీయబోయి రెండవవాడును, వానివెనుక మూడవవాడును పడిపోవుట వార్తాపత్రికలలో నేటికిని చదువుచున్నాము. ఒక చిన్న గాలియంత్రమును గొట్టముతో లోనికి పెట్టి, చాలినంతసేపు నడపి, గాలిని పరీక్షించి, నడుమునకు త్రాడు కట్టి, పైన మనిషి నుంచి, అవసరమైన సాధనములిచ్చి పంపుటకు ఎంత వ్యయమగును? ఒక కుటుంబపు బ్రదుకుకంటె ఎక్కువ కాదు గదా!

కావున నా తీర్పు ఇది. దీపము మనిషిని చెడుగాలిలో నిలువనిచ్చెను. పంకా చెడుగాలిని మనిషియొద్దనుండి తొలగించెను. రెండింటిని ఉంచుకొందము గాని, పంకాయే ముందు రావలెను. కూలివానికి జీతము ఋణమైనట్లే గాలియు ఋణమే. జీతము మాసాంతమున చెల్లింపవచ్చును. గాలిని ప్రతి నిమిషమును చెల్లింపవలెను.

విద్యార్థులారా! రేపు మీలో కొందఱు ఇంజనీర్లును, కంట్రాక్టర్లును, పురపాలక సంఘ సభ్యులును కావచ్చును. మఱికొందఱు ఇల్లు కట్టుకొని, ట్యాంకు శుభ్రపఱచుటకు పనివానిని పిలుచు గృహస్థులగుదురు. ఆనాడు మీ వాకిట ఒక మనుష్యుడు మూత తీసి లోనికి తొంగిచూచుచుండగా, కూలి యెంత యని బేరమాడుటకు ముందు, లోన గాలి యున్నదాయని అడుగుడు. తల్లిదండ్రులారా! మీరు ఈనాడే అడుగుడు; మిమ్ము చూచి మీ బిడ్డలు నేర్చుకొందురు.