మన ఊళ్ల కథలు పిల్లల చేతికివ్వండి

ఖమ్మం జిల్లా విద్యాశాఖాధికారి గారికి,



తాజ్‌మహల్ ఎవరు కట్టించారంటే మా పిల్లలు టక్కున చెబుతారు. మన జిల్లాలోనే, నేలకొండపల్లిలో, ఇటుకలతో కట్టిన బౌద్ధ మహాస్తూపం ఉందని చాలామందికి తెలియదు. భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్నది కూడా నేలకొండపల్లే.

ప్రాథమిక బడులకు ఒక బొమ్మల కథల పుస్తకం వేయించండి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ రాకముందు ఈ పొలాల్లో ఏం పండేదో, నీళ్లొచ్చాక ఏం మారిందో నానమ్మలను, తాతయ్యలను అడిగి పిల్లలే రాయాలి. తెలంగాణ సాయుధ పోరాట కాలాన్ని కళ్లారా చూసినవారు బహు కొద్దిమందే మిగిలారు. ముందు వారి దగ్గరికే వెళ్లాలి.

భద్రాచలం వైపు అడవి కథలు మాత్రం మాలాంటివాళ్లం రాయకూడదు. పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ, డోలు వాయిస్తూ కోయల వంశగాథలు పాడే డోలి కోయలున్నారు. ఏ కథ అచ్చులోకి రావచ్చో, ఏది రాకూడదో వారే చెప్పాలి. ఒక పేజీలో కోయ భాష, ఎదుటి పేజీలో తెలుగు ఉండాలి. పేరూ పారితోషికమూ వారికే దక్కాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది కనుక ఇది మనకు కొత్త పనేం కాదు.

వేసవి సెలవుల్లోపే ఉపాధ్యాయులకు ఉత్తర్వు పంపండి. మా మండలంలో పెద్దల ఇళ్లకు పిల్లలను తీసుకెళ్లే బాధ్యత తల్లిదండ్రులం మేం తీసుకుంటాం.

ఇట్లు,
బోనకల్ నుంచి ఒక తండ్రి