నాలుగక్షరాల జాతకం
పెళ్లిచూపుల్లో నక్షత్రం అడిగితే మూతి ముడిచే మా మేనకోడలు ఫోన్‌లో మాత్రం వ్యక్తిత్వ పరీక్షలో వచ్చిన ‘ఐఎన్‌ఎఫ్‌జే’ టైప్‌ని గర్వంగా పెట్టుకుంది. దసరాకి వచ్చిన ఆ ‘జే’ సంక్రాంతికి మళ్లీ రాస్తే ‘పీ’ అయింది. వింతేముంది? మనలో చాలామందిమి మధ్యరకం. మయర్స్-బ్రిగ్స్ తరహా పరీక్ష ఆ మధ్యలోనే గీత గీసి అటో ఇటో తోసేస్తుంది. మరి ఫలితం అంత నప్పినట్టెందుకు అనిపిస్తుంది? 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు ‘ఇదీ నీ స్వభావం’ అంటూ ఒకే కాగితం పంచితే, అది తమకెంత సరిపోయిందో చెబుతూ అయిదుకి సగటున నాలుగుకు పైనే మార్కులేశారు. ఆ వాక్యాలేమో జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి! ఈ పరీక్షలు కబుర్లకీ, కాస్త తనను తాను తరచి చూసుకోడానికీ అయితే సరే. ఉద్యోగానికి మనిషిని ఎంచడానికి వాడొద్దని మయర్స్-బ్రిగ్స్ అమ్మే సంస్థే చెబుతోంది. అయినా మొన్న ఇంటర్వ్యూలో మా వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న: ‘మీ టైప్ ఏంటి?’