మరమ్మతు తరువాతి చప్పుడు: దోషమెవరిది?

తపాలా సంచులను మోయు వ్యాను ఒకటి నాలుగు దినములు వర్కుషాపులో ఉండి, క్లచ్చి ప్లేటు మార్పించుకొని, "మరమ్మతు పూర్తి" అను సంతకముతో బయటికి వచ్చినది. డ్రైవరు పెడలుపై పాదము మోపిన మరుక్షణమే కీచుమని సన్నని శబ్దము వినిపించినది. పాదము తీసినచో ఆగినది. ఆ సంగతిని ఆయన లాగు బుక్కులో వ్రాసెను. "కొత్త ప్లేటు గదా, నాలుగు రోజులలో సర్దుకొనును" అని జవాబు వచ్చినది. మూడవ వారమున ఒక రాత్రి, రైలునకు సంచులు అందించుటకై స్టేషనునకు పోవుచుండగా క్లచ్చి విడుట మానివేసినది. బండి నడిరోడ్డుపై నిలిచినది. సంచులు రైలునకు అందలేదు. డ్రైవరునకు మాత్రము మెమో అందినది: "క్లచ్చిపై కాలుంచి బండి నడిపి ప్రభుత్వమునకు నష్టము కలిగించినారు. ఆ సొమ్మును మీ వేతనము నుండి ఏల రాబట్టరాదో తెలుపవలెను."

ఊరును పేరును మేము చెప్పుట లేదు. ఈ కథ విన్న ప్రతి డిపోలోను "ఇది మా యొద్ద జరిగినదే" అనువారు ఉందురు.

ఈ విషయమున మా అభిప్రాయము ఇది. మరమ్మతు తరువాత వచ్చు చప్పుడు ఒక సాక్ష్యము. దానిని విని, కారణము నిర్ణయించి, కాగితముపై పెట్టక మునుపు ఏ ఉద్యోగి జీతమును ముట్టరాదు.

చప్పుడు వినుట ఒక విద్య యని రైల్వే సోదరులకు చెప్పనక్కరలేదు. రైలు ప్లాట్‌ఫారములోనికి వచ్చుచుండగా క్యారేజి సిబ్బంది ప్రక్కన నిలిచి చక్రముల శబ్దమును ఆలకింతురు. ఒకచోట చదునుగా అరిగిన చక్రము పట్టాపై తాళము వేసినట్లు కొట్టును. చక్రమును సుత్తితో తట్టి, మ్రోగిన తీరునుబట్టి పగులును పసిగట్టిన తరములు మనవి. రైలు చక్రము విషయమున తనిఖీగా చెల్లిన వినికిడి, మోటారు బండి విషయమున డ్రైవరు సణుగుడు ఎట్లగును?

క్లచ్చిలోని పని సులభముగా తెలియునదే. ప్రెషరు ప్లేటు క్లచ్చి ప్లేటును ఫ్లైవీలునకు అదిమి పట్టును. పెడలు తొక్కినపుడు ఫోర్కు రిలీజు బేరింగును ముందునకు నెట్టును. ఆ బేరింగు ప్రెషరు ప్లేటును నొక్కి, పట్టు విడిపించును. ఏ భాగము ఎప్పుడు తిరుగునో, ఎప్పుడు భారము మోయునో తెలిసినచో చప్పుడు చిరునామా దొరకును.

బండిని చదునైన చోట నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు దిమ్మెలు పెట్టి, ఎదుట ఎవరును లేకుండ చూచుకొని ఈ క్రమమున పరీక్షింపవలెను.

మొదటిది: ఇంజను నడుచుచు, గేరు న్యూట్రలులో ఉండి, పాదము పెడలుకు దూరముగా నున్నపుడు గరగరమని, పెడలు పూర్తిగా తొక్కగానే తగ్గినచో, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును అనుమానింపవలెను. న్యూట్రలులో క్లచ్చి పట్టియున్నపుడు ఆ షాఫ్టు ఇంజనుతో తిరుగును. పెడలు తొక్కగా నెమ్మదించును. మరమ్మతులో దించిన గేరుబాక్సులో ఆయిలు మరల సరిగా పోసిరో లేదో కూడ చూడవలెను.

రెండవది: పెడలు ఖాళీ కదలిక దాటి కొద్దిగా నొక్కగానే కీచుమన్నచో రిలీజు బేరింగును చూడవలెను.

మూడవది: పెడలు పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి, పాదము కదల్పక నిలిపినపుడు శబ్దము వచ్చినచో పైలట్ బేరింగుపైకి అనుమానము పోవును. అప్పుడు షాఫ్టు నిలిచియుండగా ఫ్లైవీలు దాని చుట్టును తిరుగుచుండును.

నాలుగవది: బండిని కదలించునపుడు, క్లచ్చి వదలుచుండగా వణుకు పుట్టినచో ప్లేటుపై నూనె పడినదా, ఫ్లైవీలు ముఖముపై కాలిన మచ్చలున్నవా, ఇంజను మౌంటింగులు వదులైనవా చూడవలెను.

ఐదవది: ఇంజను ఆపి తొక్కినను కిర్రుమన్నచో పెడలు కీలు వద్దను, ఫోర్కు ఆనుకొను చోటను గ్రీజు లేదని తలంపవచ్చును.

ఇవి తీర్పులు కావు, తొలి అనుమానములు. కొన్ని బండ్లలో రిలీజు బేరింగు ఎల్లప్పుడును తేలికగా ఆనియుండును. అట్టివానిలో చప్పుడు పుట్టుటనే కాక, పెడలు నొక్కినకొలది ఎట్లు మారుచున్నదో కూడ గమనింపవలెను.

ఇక మరమ్మతును గూర్చి అడుగవలసిన ప్రశ్నలు. ప్లేటు మార్చి పాత బేరింగునే తిరిగి బిగించిరా? దానిని చేరుటకు గేరుబాక్సు మరల దింపవలెను. చిన్న భాగమున మిగిల్చినది రెండవ కూలికి చాలదు. మూసియున్న బేరింగును కిరసనాయిలులో కడిగిరా? లోపలి గ్రీజు కరిగి పోవును. ప్లేటును త్రిప్పి బిగించిరా? గేరుబాక్సు ఎక్కించునపుడు దాని బరువు ప్లేటుపై వ్రేలాడనిచ్చిరా? ప్లేటు వంగినచో క్లచ్చి శుభ్రముగా విడదు. అన్నిటికంటె ముఖ్యము: పెడలు ఖాళీ కదలికను తయారీదారు చెప్పిన కొలతకు సరిచేసిరా?

ఈ చివరి ప్రశ్నలోనే మెమో బలహీనత కలదు. ఖాళీ కదలిక ఉండవలసిన బండిలో అది లేకుండ బిగించినచో, డ్రైవరు పాదము తగులకున్నను బేరింగు దినమంతయు నొక్కుడు పడి వేడెక్కి అరిగిపోవును. పెడలుపై నిత్యము కాలుంచిన డ్రైవరు బండిలోను బేరింగు అట్లే అరుగును. కాలిన బేరింగును చూపి "ఇది డ్రైవరు పాదము పని" యనుట, కొలత తీయక తీర్పు చెప్పుటయే. పైగా మనము చెప్పిన బండిలో చప్పుడు తొలినాడే, తొలి స్పర్శకే వినిపించినది. బండి నాలుగు వీధులైనను తిరుగక మునుపే డ్రైవరు దానిని ఎట్లు పాడుచేసెనో మెమో వ్రాసినవారు వివరింపవలసి యున్నది.

మన తప్పులను దాచుట సంఘ ధర్మము కాదు. పెడలును పాదపీఠముగా వాడువారు, ఎత్తుపై బ్రేకు వేయక క్లచ్చితోనే బండిని నిలుపువారు మనలోను కలరు. ఆ అలవాటు ప్లేటును, బేరింగును తినివేయును. దానిని మానవలెనని సభ్యులకు గట్టిగా చెప్పుచున్నాము. అట్లే మెకానిక్కును శత్రువుగా చూడవద్దనియు చెప్పుచున్నాము. స్టోరులో బేరింగు లేనపుడు పాతదే బిగింపుమన్నచో అతడేమి చేయగలడు? అయితే "స్టాకు లేనందున పాతదే బిగింపబడినది" అని జాబుకార్డుపై వ్రాసి సంతకము చేయవలెను. ఆ ఒక్క వాక్యము అతనిని, డ్రైవరును, ఇద్దరిని కాపాడును.

నియమములును ఇదే చెప్పుచున్నవి. తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమములలో 11వ నియమము ప్రకారము, నిర్లక్ష్యము వలనగాని ఆజ్ఞోల్లంఘనము వలనగాని కలిగిన నష్టమును వేతనము నుండి రాబట్టుట ఒక దండన. 16వ నియమము ప్రకారము ఆరోపణను వ్రాతపూర్వకముగా తెలిపి, జవాబునకు అవకాశమీయవలెను. రైల్వే ఉద్యోగులకు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమములలో 6, 11 నియమములు ఇట్టి రక్షణనే కల్పించుచున్నవి. నష్టము జరిగినదని చూపుట చాలదు. అది ఆ ఉద్యోగి నిర్లక్ష్యము వలననే జరిగినదని చూపవలెను. చప్పుడునకు కారణమే తెలియనివారు నిర్లక్ష్యమును ఎట్లు చూపగలరు?

కావున మా కోర్కెలు ఇవి. క్లచ్చి పని ముగిసిన ప్రతి బండిని మెకానిక్కు, డ్రైవరు కలిసి సరకు భారముతో నడిపి చూచి, ఇద్దరును సంతకము చేయవలెను. చప్పుడు ఫిర్యాదు వచ్చినపుడు పెడలు ఏ స్థితిలో, ఏ గేరులో, ఇంజను చల్లగానా వేడిగానా అని నమోదు చేసి, కారణము తేలువరకు బండిని మెయిలు పనికి పంపరాదు. ప్లేటుతో పాటు రిలీజు బేరింగును మార్చుట ఆనవాయితీ కావలెను. తీసిన భాగములను వివాదము తీరువరకు భద్రపరుపవలెను. కారణ నివేదిక లేనిదే రికవరీ నోటీసు ఈయరాదు.

సోదరులారా! చప్పుడు విన్న దినముననే వ్రాయుడు. తారీఖు, కిలోమీటర్ల అంకె వేయుడు. పై అధికారి సంతకము తీసికొనుడు, నకలు మీ యొద్ద ఉంచుకొనుడు. మెమో వచ్చినచో ఆ నకలుతో సంఘ కార్యాలయమునకు రండు. తక్కిన పోరాటము మనమందరము కలిసి చేయుదము.