టీసీ చేతిలో పెట్టి పంపేస్తే అవమానం తీరదు



సోషల్ మీడియాలో ఇతర జాతులవాళ్లను, ఇతర ప్రాంతాలవాళ్లను కించపరుస్తూ వీడియోలు పెట్టే విద్యార్థులను మారు మాట లేకుండా కాలేజీ నుంచి తీసేయాలని, అప్పుడే మిగతావాళ్లకు భయం ఉంటుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారి కోపం న్యాయమైనదే. వారు చెప్పిన మందుతోనే నాకు పేచీ. నేను మెదక్ జిల్లా నిజాంపేటలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను. అమెరికాలో జరిగిన ఒక పాత సంగతి, మా దగ్గర జరిగిన ఒక చిన్న సంగతి పక్కపక్కన పెట్టి చూస్తే, టీసీ ఇచ్చి పంపేయడం వల్ల అవమానపడ్డవాళ్లకు ఒరిగేది ఏమీ లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

2011 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అదే యూసీఎల్ఏలో, మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి సుమారు మూడు నిమిషాల వీడియో యూట్యూబ్‌లో పెట్టింది. లైబ్రరీలో ఆసియా విద్యార్థులు ఫోన్లలో గట్టిగా మాట్లాడుతున్నారని, తన చదువు సాగడం లేదని ఫిర్యాదు. అంతటితో ఆగితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. వాళ్ల మాటను నోటికొచ్చిన శబ్దాలతో వెక్కిరించింది. వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు శని, ఆదివారాలు వచ్చి వండిపెట్టి బట్టలుతికి వెళ్తారని ఎగతాళి చేసింది. ఆ నెల 11నే జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చి వేలమంది పోయారు. అయినవాళ్లు బతికున్నారో లేదో తెలుసుకోవడానికి ఫోన్లు చేస్తున్నారేమో అన్న మాటను కూడా విసుగ్గా తీసిపారేసింది. మూడో వంతుకు పైగా విద్యార్థులు ఆసియా మూలాలవాళ్లే అయిన విశ్వవిద్యాలయంలో ఇది జరిగింది.

ఆ తర్వాత వారం రోజుల్లో జరిగిందే మనం చూడాల్సింది. ఛాన్సలర్ జీన్ బ్లాక్ ఆ మాటలను బహిరంగంగా ఖండించారు. అయితే అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఒకరిని కొడతాననో చంపుతాననో ఆ అమ్మాయి అనలేదు, ఎంత నీచంగా ఉన్నా ఆ మాట అక్కడి రాజ్యాంగం కాపాడే మాటే కాబట్టి క్రమశిక్షణ చర్య ఉండదని విశ్వవిద్యాలయం తేల్చింది. నా లెక్కలో ఆ రెండూ సరైనవే. కానీ అప్పటికే ఆమె సొంత వివరాలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఇంట్లోవాళ్లనూ వదల్లేదు. విద్యార్థుల పత్రికకు క్షమాపణ రాసి ఆమె చదువు మానుకుని వెళ్లిపోయింది. పెద్దలు వేయని శిక్షను గుంపు వేసింది.

ఆమె వెళ్లిపోయిన రోజున, వెక్కిరింత పడ్డ పిల్లల చేతికి ఏం వచ్చింది? చర్చంతా వాక్ స్వాతంత్ర్యం మీదికి, ఆమెను తీసేయాలా వద్దా అన్నదాని మీదికి మళ్లింది. అవమానం చేసిన మనిషి ఒక పక్క, ఆమె మీద పడ్డ గుంపు ఒక పక్క. ఆ సందట్లో అసలు దెబ్బ తిన్నవాళ్ల మాట ఎంత వినపడింది? వినపడిన గొంతుల్లో నాకు గుర్తుండిపోయింది జిమ్మీ వాంగ్‌ది. చైనా మూలాలున్న ఆ కుర్రాడు గిటార్ పట్టుకుని ఆ వీడియోకు పాటతో జవాబిచ్చాడు. తిట్టలేదు, బెదిరించలేదు. ఆ వెక్కిరింత శబ్దాలనే తీసుకుని ప్రేమ పాట కట్టాడు. లక్షలమంది విన్నారు. పాట అమ్మగా వచ్చిన డబ్బు జపాన్ బాధితుల సహాయానికి వెళ్లింది. ఆ అమ్మాయి మాటల్లో ఒక జాతి కేవలం శబ్దం. ఆ పాటలో ఒక మనిషి. తీసివేతతో ఈ పని జరగదు.

ఇక మా సంగతి. యాసంగి వడ్లు దిగే రోజుల్లో మా మిల్లుల దగ్గర ఊపిరి ఆడదు. లారీ వచ్చి కాంటా ఎక్కడం, దిగడం, నలభై కిలోల బస్తాలు ఒక్కొక్కటే వీపు మీద మోసుకెళ్లి గోదాంలో కప్పుదాకా పేర్చడం. ఈ మోత మోసేవాళ్లలో చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లే. మనవాళ్లు ఈ పనికి రావడం ఎప్పుడో తగ్గిపోయింది. ఒక సీజన్లో, మిల్లు ఎదురుగా బండి ఆపిన ఇంటర్ కుర్రాడు ఒక హమాలీని ఫోన్‌లో తీశాడు. తవుడు దుమ్ము చెమటకు అంటుకుని ముఖం మీద చారలు కట్టి, మెడలో గంఛా తువ్వాలుతో, లారీ నీడన కూర్చుని సత్తుపిండి కలుపుకుంటున్న మనిషి. ఆ దృశ్యం మీద తన గొంతు పెట్టాడు. రంగు గురించి, తిండి గురించి, హిందీ గురించి. ఇక్కడ ఆ మాటలు రాయను. సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లన్నిటిలో అదే.

మిల్లులో గొడవైంది. ఎవరో కాలేజీకి చెప్పారు. వాళ్లు తండ్రిని పిలిపించి, కాలేజీ పేరు పోతుందని టీసీ చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి కథ తిరగబడింది. "బీహారోళ్ల వల్ల మా పిలగాని సదువు పోయింది" అన్న మాట ఊళ్లో పుట్టింది. రాత్రిళ్లు కుర్రాళ్లు గేటు ముందుకొచ్చి హారన్లు కొట్టి పోయేవారు. తప్పు చేసినవాడు బాధితుడయ్యాడు, నోరు కూడా మెదపని హమాలీ దోషి అయ్యాడు. నీకేం కావాలి అని ఆ మనిషిని ఎవ్వరూ అడగలేదు. నేను అడిగినప్పుడు అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, బీహార్‌లో ఖగడియా దగ్గర తన ఊళ్లో పదో తరగతి చదివే కూతురు ఆ వీడియో చూసిందని. "మేరీ బేటీ కో వహీ లడ్కా బోలే, సాబ్, కి గలత్ బోలా థా." తప్పుగా మాట్లాడానని ఆ పిల్లాడే తన బిడ్డకు చెప్పాలి, అంతే. ఆ పిల్లాడు అప్పటికే ఇంకో ఊళ్లో ఇంకో కాలేజీలో చేరిపోయాడు. హమాలీ సీజన్ అయ్యాక దానాపూర్ రైలెక్కాడు, మళ్లీ మా మిల్లుకు రాలేదు.

ఇదే ఖగడియా నుంచి 2020 మే నెలలో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, ప్రత్యేక రైల్లో రెండు వందల మందికి పైగా కార్మికులు మన తెలంగాణ రైస్ మిల్లుల్లో పని కోసం లింగంపల్లి స్టేషన్లో దిగారు. అప్పటి పౌరసరఫరాల మంత్రి గంగుల కమలాకర్ వెళ్లి పూలిచ్చి స్వాగతం పలికారు. లక్షల టన్నుల వడ్లు కల్లాల్లో ఉన్నాయి, ఎత్తే చెయ్యి లేదు. వాళ్లెంత అవసరమో ఆ రోజు ప్రభుత్వానికీ తెలుసు, రైతుకూ తెలుసు.

అవమానం అవతలివైపు నుంచి వస్తే ఎలా ఉంటుందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల చదువుకోడానికి సియాటెల్ వెళ్లింది. 2023 జనవరి 23న రోడ్డు దాటుతుండగా అతివేగంగా వచ్చిన పోలీసు కారు ఢీకొని చనిపోయింది. ఆ మరణం గురించి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి మాట్లాడిన వీడియో ఆ ఏడాది సెప్టెంబరులో బయటికొచ్చింది. ఆదోని నుంచి ఆదిలాబాద్ దాకా కడుపు మండని ఇల్లు లేదు. అతన్ని 2024 జులైలో ఉద్యోగం నుంచి తీసేశారు, తీసేయాల్సిందే. తుపాకీ, అధికారం చేతిలో ఉన్న పెద్దమనిషి అతను. పదిహేడేళ్ల పిల్లాడికీ అదే కొలత పెడతామంటే నేను ఒప్పుకోను. పోలీసు శాఖ పని మనిషిని దిద్దడం కాదు, కాలేజీ పని అదే.

చట్టం లేదని కాదు. కులం పేరుతో దళితులను, ఆదివాసీలను నలుగురిలో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టినా అది నలుగురిలో అన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అక్కడ కాలేజీ రాజీలు కుదర్చకూడదు, కేసు దాని దారిన అది నడవాలి. జాతి, పుట్టిన చోటు, భాష పేరుతో జనం మధ్య శత్రుత్వం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. తోటి విద్యార్థిని రంగు, జాతి, ప్రాంతం, భాష పట్టుకుని వేధిస్తే అది ర్యాగింగేనని యూజీసీ 2016లో నిబంధనల్లో చేర్చింది. కానీ హమాలీ విద్యార్థి కాడు. అతని కోసం ఏ కాలేజీలోనూ కమిటీ లేదు. పోలీసు స్టేషన్‌కు వెళ్లే ధైర్యం అతనికి ఉండదు, ఒక రోజు కూలీ పోగొట్టుకునే స్తోమత అసలే ఉండదు.

అరెస్టుల దారి కూడా చూశాం. 2025లో న్యాయశాస్త్రం చదివిన ఒక యువతి ఒక మతంవారిని నొప్పించే వీడియో పెట్టి, తీసేసి, క్షమాపణ చెప్పాక కూడా కోల్‌కతా పోలీసులు గురుగ్రామ్ వెళ్లి పట్టుకొచ్చారు. కొన్ని రోజులకు హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. ఈలోగా ఆమె మాటలకు నొచ్చుకున్నవాళ్ల బాధ పక్కకు పోయి, ఆమె ఒక వర్గానికి వీరవనిత, ఇంకో వర్గానికి శత్రువు అయి కూర్చుంది.

శిక్ష లేకపోతే భయం ఉండదంటారు. మా ఊరి కుర్రాడికి టీసీ ఇచ్చాక ఇక్కడ ఎవరూ భయపడలేదు, పగబట్టారు. అదే ఆ కుర్రాడిని కాలేజీలోనే ఉంచి, ప్రిన్సిపాల్, తండ్రి పక్కన ఉండగా ఆ హమాలీ ఎదుట కూర్చోబెట్టి ఉంటే? ఆ హమాలీ ఇష్టపడితేనే సుమా, బలవంతంగా కాదు. వీడియో పెట్టిన ఖాతాలోనే, అదే ముఖంతో, నేనన్నది తప్పని హిందీలో చెప్పించి ఉంటే? పిల్లాడికి టీసీ కంటే అది ఎంతో కష్టం. టీసీ పట్టుకుని పోవడానికి తలెత్తాల్సిన పని లేదు.

మా మెదక్ జిల్లా కాలేజీల ప్రిన్సిపాళ్లను, ఇంటర్ బోర్డును నేను కోరేది ఇదే. బయటివాళ్లను, కూలీలను, వలసవచ్చినవాళ్లను కించపరిచే వీడియో మీ విద్యార్థి పెట్టాడని తెలిసినప్పుడు మొదటి ఫోన్ తండ్రికి కాదు, ఆ అవమానపడ్డ మనిషికి చేయండి. భాష రాకపోతే మాలాంటివాళ్లం వచ్చి చెప్తాం. మీ పత్రికకూ ఒక మనవి. ఇలాంటి వార్త వచ్చినప్పుడు విద్యార్థి మీద ఏ చర్య తీసుకున్నారో రాయడంతో ఆగకండి. మీ విలేకరిని మిల్లు దగ్గరికి, ఇటుక బట్టీ దగ్గరికి, హాస్టల్ గదికి పంపి, వాళ్లేమంటున్నారో కూడా అచ్చువేయండి. వానాకాలం కొనుగోళ్లు మొదలైతే మళ్లీ వందలమంది వస్తారు, అందరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి.

— మీ పాఠకుడు, ఒక రైస్ మిల్లు గుమస్తా
నిజాంపేట, మెదక్ జిల్లా