274 ఉపగ్రహాలు సరే, ఆ ఏడింటి సంగతేమిటి?

సౌర కుటుంబంలో అత్యధిక ఉపగ్రహాలున్న గ్రహం ఏది? పోటీ పరీక్షల జనరల్ సైన్స్ పుస్తకాల్లో ఈ ప్రశ్న కనిపించని సంవత్సరం ఉండదు. జవాబు మాత్రం నిలకడగా ఉండటం లేదు. 2019 అక్టోబరులో శనికి 20 కొత్త ఉపగ్రహాలు దొరికి మొత్తం 82 అయ్యాయి. అప్పటిదాకా 79తో ముందున్న గురుగ్రహం వెనకబడింది. 2023 ఫిబ్రవరిలో గురుగ్రహం లెక్క 92కు పెరగడంతో మొదటి స్థానం మళ్లీ దానిదే అయింది. కొన్ని నెలలకే శని సంఖ్య 140 దాటింది. ఇక 2025 మార్చి 11న ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలను గుర్తించినట్టు ప్రకటించారు. దాంతో మొత్తం 274. పాపం, 2023 మార్చిలో పరీక్ష రాసిన అభ్యర్థికి ఒక జవాబు, జూన్‌లో రాసినవారికి ఇంకొకటి!

ప్రతి ప్రకటనకూ పతకాల పట్టిక లాంటి వార్తలే వచ్చాయి. శని గెలిచింది, గురుడు ఓడిపోయాడు. అసలు ఆ 274లో ఏముందన్న ప్రశ్న ఆ హడావుడిలో పక్కకు పోయింది.

ముందు ఒక చిన్న చిక్కు చూడాలి. గ్రహం అంటే ఏమిటో అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లో నిర్వచించింది. ప్లూటో హోదా పోయింది అందుకే. ఉపగ్రహానికి మాత్రం అలాంటి నిర్వచనం లేదు. ఎంత చిన్నదైతే ఉపగ్రహం కాకుండా పోతుందో ఎవరూ గీత గీయలేదు. శని వలయాల్లో ఉన్నవన్నీ దుమ్ము రేణువుల నుంచి ఇల్లంత గడ్డల దాకా మంచు ముక్కలే. అవన్నీ శని చుట్టూ తిరుగుతున్నవే. వాటిలో ప్రతిదాన్నీ ఉపగ్రహం అంటే లెక్క కోట్లు దాటుతుంది. ఆచరణలో జరుగుతున్నది ఏమిటంటే, దేని కక్ష్యను విడిగా గుర్తుపట్టి లెక్కగట్టగలిగితే అది జాబితాలోకి ఎక్కుతుంది. అంటే ఆ సంఖ్య శని గురించి చెప్పేదానికంటే మన టెలిస్కోపుల గురించి చెప్పేదే ఎక్కువ.

కొత్త 128ని కనుగొన్న పని తక్కువదేమీ కాదు. తైవాన్‌లోని అకడెమియా సినికాకు చెందిన ఎడ్వర్డ్ ఆష్టన్, ఆయన సహచరులు హవాయిలోని మౌనా కియా శిఖరం మీదున్న కెనడా-ఫ్రాన్స్-హవాయి టెలిస్కోపుతో వీటిని పట్టుకున్నారు. ఇవి ఎంత మసకగా ఉంటాయంటే ఒక్క ఫొటోలో కనపడవు. అందుకని వరసగా చాలా ఫొటోలు తీసి, శనితోపాటు ఉపగ్రహం ఎంత వేగంతో కదిలి ఉంటుందో అంచనా వేసి, ఆ మేరకు ఒక్కో ఫొటోనూ జరిపి ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. నక్షత్రాలు గీతలుగా సాగిపోతాయి, ఉపగ్రహం చుక్కగా నిలుస్తుంది. ఇలా దొరికినవి కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న రాళ్లు. శనికి చాలా దూరంలో, చాలావరకు ఎదురు దిశలో తిరుగుతున్నాయి. ఎప్పుడో శని ఆకర్షణకు చిక్కిన పెద్ద వస్తువులు గుద్దుకుని ముక్కలయ్యాయనీ, ఆ శకలాలే ఇవనీ ఈ బృందం భావిస్తోంది. శకలాల పరిమాణాలను బట్టి అలాంటి ఒక ఢీ గత పది కోట్ల ఏళ్లలోనే జరిగి ఉంటుందని వారి అంచనా. ఇది శని చరిత్రలో విలువైన పేజీ. కానీ వార్తల్లోకి ఎక్కినది ఈ కథ కాదు, అంకె.

ఇప్పుడు ఆ జాబితాను తూకం వేసి చూద్దాం. శని చుట్టూ తిరుగుతున్న మొత్తం పదార్థంలో 96 శాతం ఒక్క టైటాన్‌దే. మిగిలిన దానిలో దాదాపు అంతా మైమస్, ఎన్సెలాడస్, టెథిస్, డయోన్, రియా, ఐయాపెటస్ అనే ఆరింటిది. తమ గురుత్వాకర్షణతో తామే గుండ్రంగా తయారైనవి ఈ ఏడే. తక్కిన 267ను ఒకచోట పోసినా మొత్తంలో వెయ్యింట ఒక వంతు రాదు.

ఈ ఏడూ కొత్తవి కావు. 1655లో హైగెన్స్ టైటాన్‌ను చూశాడు. 1789కల్లా విలియం హెర్షెల్ మైమస్, ఎన్సెలాడస్‌లతో ఈ వరస పూర్తి చేశాడు. టైటాన్ బుధగ్రహం కంటే పెద్దది. దాని మీద నత్రజనితో నిండిన దట్టమైన వాతావరణం ఉంది, మీథేన్ వాన కురుస్తుంది, మీథేన్ సరస్సులున్నాయి. ఐయాపెటస్ ఒకవైపు బొగ్గు నలుపు, ఇంకోవైపు మంచు తెలుపు. దెబ్బలు తిన్న మంచు ముద్దలా కనిపించే మైమస్ లోపల కూడా ఇటీవలే ఏర్పడిన సముద్రం ఉండొచ్చని 2024లో ఒక పరిశోధన సూచించింది.

వీటన్నిటిలో ఎక్కువ ఆగి చూడాల్సింది ఎన్సెలాడస్‌ను. వ్యాసం 500 కిలోమీటర్లే, అంటే హైదరాబాద్ నుంచి విశాఖకు వెళ్లే దారికంటే తక్కువ. అంత చిన్న మంచు గోళం ఎప్పుడో గడ్డకట్టి చచ్చిపోయి ఉండాలి. 2005లో కసీని నౌక దాని దగ్గరగా వెళ్లినప్పుడు అయస్కాంత క్షేత్రం చిత్రంగా వంగి ఉండటం కనిపించింది. ఇంకా దగ్గరకు పంపి చూస్తే, దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్ల నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. మంచు పొర కింద ఉప్పునీటి సముద్రం ఉంది, అది గోళమంతా పరుచుకుని ఉంది. ఆ చిమ్మే నీటిలో ఉప్పు, కర్బన అణువులు, హైడ్రోజన్ దొరికాయి. 2023లో పాత కసీని సమాచారాన్నే మళ్లీ తవ్వితే ఫాస్ఫేట్లు కూడా బయటపడ్డాయి. జీవానికి కావలసిన నీరు, శక్తి, ముడి సరుకు ఒకేచోట ఉన్నాయి. తవ్వాల్సిన పని కూడా లేదు. ఆ సముద్రమే తన నీటిని బయటికి పంపిస్తోంది.

అక్కడ జీవం ఉందని దీనర్థం కాదు. కసీని 1997లో బయల్దేరినప్పుడు ఇలాంటిది ఎదురవుతుందని ఎవరూ అనుకోలేదు, జీవాన్ని వెతికే పరికరం అందులో లేదు. ఇంధనం అయిపోతున్న వేళ, పొరపాటున ఎన్సెలాడస్ మీదో టైటాన్ మీదో కూలి భూమి సూక్ష్మజీవులను అంటించకూడదని 2017 సెప్టెంబరు 15న దాన్ని శని వాతావరణంలోకే దూకించి కాల్చేశారు. ఒక ఉపగ్రహాన్ని కాపాడటానికి నౌకను బలిచ్చారంటే శాస్త్రవేత్తలు దానికి ఇచ్చిన విలువ అర్థమవుతుంది. ఆ విలువ పాఠ్యపుస్తకంలో, క్విజ్‌లో, వార్తలో కనిపించాలి.

కాబట్టి లెక్కను రెండుగా చెప్పడం మేలు. గుండ్రనివి ఏడు, వాటితోపాటు రెండువందల అరవైకి పైగా శకలాలు. తెలుగులో టైటాన్‌కూ, రెండు కిలోమీటర్ల రాయికీ, ఇస్రో ప్రయోగించే పెట్టెకూ ఉపగ్రహమనే ఒక్క మాటే వాడుతున్నాం. కనీసం ఆ రాళ్లను ఉపగ్రహ శకలాలు అంటే నష్టమేమీ లేదు. గీత ఎక్కడ గీసినా ఎవరికో అన్యాయం జరుగుతుందనే అభ్యంతరం సబబే. 270 కిలోమీటర్ల హైపీరియన్ వంకర టింకరగా ఉంటుంది కాబట్టి అది శకలాల్లోకి పోతుంది. అయినా పరవాలేదు. ఆకారం ప్రకృతి గీసిన గీత, టెలిస్కోపు అద్దం సైజును బట్టి మారేది కాదు.

అంకె మీద మోజు పోవాలనడానికి ఇంకో కారణం కాలం. నాసా డ్రాగన్‌ఫ్లై అనే ఎనిమిది రోటర్ల ఎగిరే యంత్రాన్ని 2028లో పంపాలనుకుంటోంది, అది 2034లో టైటాన్ చేరాలి. ఎన్సెలాడస్‌కు మాత్రం వరస ఇంకా వెనక ఉంది. అమెరికా శాస్త్రవేత్తలు 2022లో రూపొందించిన ప్రాధాన్యాల జాబితాలో యురేనస్‌ది మొదటి స్థానం, ఎన్సెలాడస్‌ది రెండోది. యూరప్ అంతరిక్ష సంస్థకు నిపుణుల సంఘం 2024లో ఎన్సెలాడస్‌నే సిఫారసు చేసింది. అంతా అనుకున్నట్టు జరిగితే ప్రయోగం 2040లలో, చేరేది 2050లలో. ఇలాంటి యాత్రలకు డబ్బిచ్చేది ప్రజలు. ఎక్కడికి, ఎందుకు అన్నది వాళ్లకు తెలియకపోతే వాయిదా వేయడం తేలిక.

శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడని అర్థం. సూర్యుణ్ని ఒకసారి చుట్టడానికి 29 ఏళ్లు పైనే పడుతుంది. ఏలినాటి శని ఏడున్నరేళ్ల లెక్క వచ్చింది కూడా ఈ మందగమనం నుంచే. అందుకే అక్కడ ఒక ధ్రువం మీద ఎండ దాదాపు పదిహేనేళ్లు ఉండి, మరో పదిహేనేళ్లు మాయమవుతుంది. 2025 మేలో సూర్యుడు శని దక్షిణార్ధం వైపు దాటాడు. ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువంలో, సరిగ్గా ఆ పగుళ్ల మీద, ఇప్పుడు పగలు మొదలైంది. దాదాపు 2039 దాకా ఉంటుంది. ఆ వెలుతురులో అక్కడికి చేరేలా ఖరారైన యాత్ర ప్రస్తుతానికి ఒక్కటీ లేదు.